గోళానికి మతిమరుపు రాదు

ఆవిడని ఇంటా బయటా బొంగరం అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది వాళ్లమ్మ. చిన్నప్పుడు ఉయ్యాల్లో పడుకోబెడితే ఉయ్యాల ఆగినా పిల్ల ఆగేది కాదట. బడిలో ఆమె కూర్చున్న బెంచీకి ఏటా మేకులు కొట్టించాల్సి వచ్చేదట. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు. జుట్టు సగం నెరిసింది, మెట్లెక్కితే మోకాళ్లు మాట్లాడుతున్నాయి, అయినా కాలుగాలిన పిల్లి తిరుగుడు మాత్రం పోలేదు. తిండి నిలబడి తింటుంది, ఫోను నడుస్తూ మాట్లాడుతుంది. భర్త ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు, ఆరు గంటలు కదలకుండా కూర్చోగల మహానుభావుడు. "నువ్వు కూర్చున్న ఫొటో ఒక్కటైనా ఉందటే మనింట్లో?" అంటూ ఉంటాడు. పాపం నిజమే. పెళ్లిఫొటోలో కూడా ఆవిడ మొహం చెదిరిపోయి ఉంటుంది.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఒక పెద్ద ఆసుపత్రి కింది అంతస్తులో, ఎమ్మారై గదిలో, వచ్చినవాళ్లందరికీ "కదలకండి" అని చెప్పడం! ఇరవై రెండేళ్లుగా అదే మాట. "కదలకండి, కాస్త ఓర్చుకోండి, ఇంకో నాలుగు నిమిషాలే, కదలకండి." అద్దం వెనక ఈవిడ మాత్రం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ చెబుతుంది.

బొమ్మలు తీసే ఆ యంత్రంతోనే ఇంకో పని కూడా చేయించవచ్చు. మెదడులో అగ్గిపెట్టెలో సగమంత చోటు ఎంచుకుని, అక్కడ ఏ రసాయనం ఎంత ఉందో కొలవచ్చు. సూది గుచ్చనక్కర్లేదు, చుక్క రక్తం తీయనక్కర్లేదు. దాన్ని స్పెక్ట్రోస్కోపీ అంటారు. పేరు విని బెదరకండి, సంగతి తేలికే. ఆ పెద్ద అయస్కాంతంలో ఒక్కో రసాయనం ఒక్కో శ్రుతిలో పలుకుతుంది. యంత్రం చెవి ఒగ్గి వింటుంది. గొంతులు మరీ సన్నం కాబట్టి ఒకసారి వింటే చాలదు, నూట ఇరవై ఎనిమిది సార్లు వింటుంది. విన్నవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కాగితం మీద కొండల్లాగా ఒక గీత గీస్తుంది. నీళ్ల గొంతు మరీ పెద్దది కాబట్టి దాన్ని మొదట్లో విడిగా ఒక్కసారే విని పక్కన పెడుతుంది. మిగతావాటిలో అన్నిటికన్నా ఎత్తైన కొండ పేరు ఎన్‌ఏఏ. నాడీకణాలు బతికి బట్టకట్టినంత కాలం ఆ కొండ నిటారుగా ఉంటుంది. అవి రాలిపోతుంటే కుంగుతుంది. పక్కన ఉండే పొట్టి కొండలు రెండు, క్రియాటిన్, కోలిన్. మతిమరుపు మొదలైతే ముందు దెబ్బతినేది పెద్దది, పొట్టివి అంతగా తగ్గవు.

యంత్రం నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ఒక గోళం ఉంది. ఫుట్‌బాల్ కన్నా కాస్త చిన్నది, లోపల నీళ్లు, ఆ నీళ్లలో ఈ రసాయనాలే, తూచి కలిపినవి. రోజూ పొద్దున్నే మొదట దాన్ని కొలుస్తారు. అది కాక ఆ గదిలో పనిచేసే ఇద్దరూ నెలకోసారి తామే యంత్రంలో పడుకుని కొలిపించుకోవాలి. ఈ ఆనవాయితీ పెట్టింది ఈవిడకి పని నేర్పిన ముసలాయన. "పెద్దకొండ ఎత్తు చూడు, నీళ్ల కొండ ఎత్తుతో భాగించు, పుస్తకంలో రాయి. మిగతాదంతా కంప్యూటరు కబుర్లు" అని చెప్పి రిటైరైపోయాడు. పదిహేనేళ్లుగా పుస్తకంలో ఎత్తే రాస్తున్నారు.

బొంగరం ఎత్తు ఎప్పుడూ పదికి అటూ ఇటూ. పది పాయింట్ ఒకటి, తొమ్మిది పాయింట్ తొమ్మిది, పది. వానాకాలం మొదట్లో తొమ్మిదిన్నర వచ్చింది. పోనీలే అనుకుంది. మరుసటి నెల తొమ్మిది. ఆపై నెల ఎనిమిది పాయింట్ రెండు.

తోటి టెక్నీషియన్ పొడుగాయనది మాత్రం పది దగ్గరే రాయిలా ఉంది. గోళమూ రోజూ పొద్దున పదే చూపిస్తోంది. గోళం బాగుంది అంటే యంత్రం బాగుంది. యంత్రం బాగుంది అంటే?

ఇంక చెప్పేదేముంది. వాళ్లమ్మకి యాభయ్యో ఏటే మతిమరుపు మొదలైంది. మొదట తాళాలు పాలగిన్నెలో కనిపించాయి. తర్వాత వీధి మలుపు మరిచిపోయింది. చివరికి కూతుర్ని చూసి పక్కింటావిడతో "ఎవరమ్మా ఈ పిల్ల, ఒక్కచోట కుదురుగా నిలబడదేం?" అంది. కూతురన్నది మరిచిపోయింది గానీ కుదురు లేదన్నది మరవలేదు! ఆ మాట చెప్పి బొంగరం చాలాసార్లు అందరినీ నవ్వించింది. ఎనిమిది పాయింట్ రెండు వచ్చిన రోజునుంచి చెప్పడం మానేసింది.

అప్పట్నుంచి ఒకటే ఎంచుకోవడం. నెత్తి మీదున్న కళ్లద్దాల కోసం ఇల్లంతా వెతికితే ఒకటి. స్టవ్ కట్టానా లేదా అని వీధి చివర్నుంచి వెనక్కొస్తే రెండు. నిజానికి ఇవన్నీ ఆవిడ ఇరవయ్యో ఏటనుంచీ చేస్తున్న పనులే, కానీ ఇప్పుడు ప్రతిదానికీ గుండె గతుక్కుమంటోంది.

"ఏమండీ, మన పెళ్లికి మీ పెద్దమామయ్య వచ్చాడా?" అనడిగింది ఓ పొద్దున కాఫీ కలుపుతూ.

"వచ్చి గొడవపడి వెళ్లాడుగా. ఎందుకే ఇప్పుడు?"

"ఊరికే. నాకు గుర్తుందో లేదో చూసుకుంటున్నా."

"నాకు పరీక్ష పెడుతున్నావా, నువ్వు రాస్తున్నావా? ముందు ఆ చెంచా తిప్పడం ఆపు. చక్కెర ఎప్పుడో కరిగిపోయింది."

ఆపలేదు. ఆయనకి చెబుదామని మూడుసార్లు నోటిదాకా వచ్చింది, మింగేసింది. చెబితే ఆయన ప్రూఫు దిద్దినట్టు రోజూ తన మాటల్లో తప్పులు వెతుకుతాడు. వెతకడు గానీ, వెతుకుతున్నాడని తను అనుకుంటుంది. అది ఇంకా కష్టం.

ఆ నెలలోనే దర్జీ వచ్చాడు. అరవై దాటిన మనిషి, పై అంతస్తులో ఉండే పెద్ద డాక్టరుగారి మతిమరుపు పరిశోధనలో పేషెంటు. ఆరు నెలల కింద ఒకసారి కొలిపించుకున్నాడు, ఇది రెండోసారి. ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేశాడట, ఆ భయంతో వచ్చాడు మొదట. వచ్చినప్పుడల్లా కాలరులోంచి గుండుసూదులు తీయించడమే ఒక పని. అయస్కాంతం గదిలోకి ఇనుము వెళ్లకూడదు కదా!

"బాబాయ్, అన్నీ తీశావా?"

"తీశానమ్మా."

"మడతలో చూడు."

"అరే! ఇది ఎప్పుడు గుచ్చానబ్బా!"

దర్జీది మొదటిసారి తొమ్మిది పాయింట్ ఆరు. ఈసారి ఎనిమిది. టెక్నీషియన్లు ఫలితం పేషెంటుకి చెప్పకూడదు, అది నియమం. ఈవిడ చెప్పలేదు. మూడు రోజుల తర్వాత డాక్టరు చెప్పాడు, "తగ్గుతోంది" అని. మెట్లు దిగుతున్న దర్జీ మొహం బొంగరం కిటికీలోంచి చూసింది. అద్దంలో తన మొహం చూసుకున్నట్టే ఉంది.

ఆ ఆదివారం పొద్దున భర్త సంతకి వెళ్లగానే, దాచి తెచ్చుకున్న తన కాగితాలు తీసింది. పోయినేడాదిది ఒకటి, మొన్నటిది ఒకటి. బల్ల మీద పెట్టి చూసింది, కుదరలేదు. కిటికీ అద్దానికి ఒకదాని మీద ఒకటి ఆనించి వెలుగులో చూసింది. పెద్దకొండ పొట్టిదైంది, సరే, అది తెలిసిందే. కానీ పొట్టికొండలు? క్రియాటిన్ కూడా కుంగింది. కోలిన్ కూడా. ముగ్గురూ సరిగ్గా ఒకే పాలు కుంగారు. అంతేకాదు, ముగ్గురికీ నడుములు లావయ్యాయి.

ఊళ్లో ఒకడు చిక్కిపోతే వాడికి జబ్బనుకోవచ్చు. ఊరంతా ఒకే రోజు జానెడు పొట్టివాళ్లయిపోతే తప్పు ఊరిదా, కొలిచే కర్రదా?

మరి పొద్దున గోళం ఎందుకు బాగుంది? ఇల్లంతా తిరుగుతూ ఆలోచించింది. బీరువా దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి బీరువా దాకా. పదకొండో చుట్టులోనో పన్నెండో చుట్టులోనో తట్టింది. గోళాన్ని కొలిచేది పొద్దున, అయస్కాంతం చల్లగా ఉన్నప్పుడు. పొడుగాయన పడుకునేదీ పొద్దునే. తను పడుకునేది మధ్యాహ్నం ఒంటిగంటకి, పరిశోధన పేషెంటుకి నరాల దారులు చూసే పెద్ద స్కాన్ అయ్యాక. ఆ స్కాన్ యంత్రాన్ని ఉతికి ఆరేస్తుంది. లోపలి ఇనపముక్కలు వేడెక్కి, తర్వాత చల్లారుతూ ఉంటే శ్రుతి జారుతుంది. నూట ఇరవై ఎనిమిది సార్లు విన్న పాట ఒక్కోసారి ఒక్కో శ్రుతిలో ఉంటే, పేర్చినప్పుడు కొండ పక్కలకి పరుచుకుంటుంది. అదే మట్టి, కాకపోతే కుప్ప పల్చబడింది. ఎత్తు చూసేవాడికి తగ్గినట్టే కనిపిస్తుంది. ఆ పెద్ద స్కాన్ మొదట్లో ఇరవై నిమిషాలుండేది. వానాకాలం మొదట్లో డాక్టరు నలభై చేయించాడు, తర్వాత గంట.

తేల్చుకోవడం చిటికెలో పని. పెద్ద స్కాన్ తర్వాత గోళాన్ని కొలవాలి, అంతే. గోళం కూడా పడిపోతే తప్పు యంత్రానిది. పడకపోతే?

అదిగో, ఆ "పడకపోతే" దగ్గర బొంగరం ఆగిపోయింది. జన్మలో మొదటిసారి ఆగింది! ఎనిమిది రోజులు వాయిదా వేసింది. ఒకరోజు పేషెంట్లు ఎక్కువన్నది, ఒకరోజు తలనొప్పన్నది, ఒకరోజు ఏమీ అనకుండా ఆసుపత్రి బీరువాలో దుప్పట్లన్నీ తీసి మళ్లీ మడతపెట్టింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పేషెంటు రాలేదు. గది ఖాళీ.

"అక్కా, నువ్వు ఆ దుప్పటి మడతపెట్టడం ఇది నాలుగోసారి" అన్నాడు పొడుగాయన. ఆయన పొడుగెంతో నిదానం అంత. "వారం నుంచి చూస్తున్నా. ఇంట్లో బావగారితో గొడవా?"

"ఆయనతో గొడవపడాలంటే ముందు ఆయన లేవాలి కదా తమ్ముడూ."

"మరేంటి?"

చెప్పేసింది. అమ్మ సంగతి, ఎనిమిది పాయింట్ రెండు, కిటికీ అద్దం, అన్నీ గుక్క తిప్పుకోకుండా. పొడుగాయన అంతా విని, లేచి వెళ్లి, బీరువాలోంచి గోళాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు.

"దీనికి అమ్మ లేదు, బెంగ లేదు. గోళానికి మతిమరుపు రాదు కదక్కా! పడుకోబెడదాం పద."

"నీళ్లు కుదురుకోవాలి. పెట్టగానే కొలిస్తే లోపల సుడులు తిరుగుతుంటాయి."

"పెద్ద స్కాన్ కూడా దీనికే చేద్దాం. గంటసేపు లోపలే ఉంటుంది. నీళ్లూ కుదురుకుంటాయి, యంత్రమూ వేడెక్కుతుంది. నువ్వు కుదురుకుంటావా అనేదే అనుమానం."

కుదురుకోలేదు. ఆ గంటా బొంగరం గదికీ వరండాకీ మధ్య తిరుగుతూనే ఉంది. లోపల యంత్రం డబడబా, గడగడా, కీచుకీచుమని మోగుతోంది. ఇరవై రెండేళ్లుగా వింటున్న మోతే, ఇవాళ పళ్ల చిగుళ్లలో వినిపిస్తోంది. మంచినీళ్లు తాగింది. గ్లాసు కడిగింది. కడిగిన గ్లాసు మళ్లీ కడిగింది. పెద్ద స్కాన్ ముగిసింది. స్పెక్ట్రోస్కోపీ మొదలైంది. నూట ఇరవై ఎనిమిది. తెర మీద అంకె నలభై దగ్గరుంది. అరవై. తొంభై రెండు. కళ్లు మూసుకుంది.

"అక్కా, చూడు."

"నువ్వే చెప్పు."

"చూడవే తల్లీ!"

గోళం పెద్దకొండ ఎనిమిది పాయింట్ నాలుగు. పొట్టిగా, లావుగా, పక్కలకి ఒరిగి, అచ్చం తన కాగితం మీద ఉన్నట్టే. గోళంలో తూచి కలిపిన రసాయనం ఎక్కడికి పోతుంది? పొద్దున పది, ఇప్పుడు ఎనిమిది పాయింట్ నాలుగు. కంప్యూటరు కబుర్లని ముసలాయన కొట్టిపారేసిన లెక్క ఒకటుంది, కొండ ఎత్తు కాకుండా కొండ మొత్తం వైశాల్యం చూసేది. పొడుగాయన అది కూడా తీశాడు. పొద్దున ఎంతో ఇప్పుడూ దాదాపు అంతే. మట్టి తరగలేదు.

బొంగరం నవ్వింది. నవ్వుతూ కూర్చుంది, కుర్చీలో, నిజంగా! పొడుగాయన ఆ వింత చూస్తూ ఉండగానే మళ్లీ లేచింది.

"గోళం ఎనిమిది పాయింట్ నాలుగు. నేను ఎనిమిది పాయింట్ రెండు. మధ్యలో ఆ పాయింట్ రెండు ఎవరిది?"

"అబ్బా అక్కా! అంత తేడా ఎప్పుడూ ఉంటుంది."

"ఉంటుందని నాకూ తెలుసు. మరి దర్జీ బాబాయ్‌ది?"

అప్పుడు ఇద్దరి మొహాల్లోనూ నవ్వు ఇంకిపోయింది. మధ్యాహ్నం కొలిచింది తన ఒక్కదాన్నే కాదు కదా! పుస్తకం తిరగేశారు. పెద్ద స్కాన్ తర్వాత కొలిచినవాళ్లు పందొమ్మిది మంది.

పెద్ద డాక్టరు మూడో అంతస్తులో ఉంటాడు. బొంగరం లిఫ్టు కోసం ఆగలేదు. ఆయన మొదట కోప్పడ్డాడు, "గోళం రోజూ చూస్తున్నారు కదా, చూసి ఏం చేస్తున్నట్టు?" అని. తర్వాత గోళం పొద్దుటి కాగితం, మధ్యాహ్నం కాగితం పక్కపక్కన పెట్టుకుని వేలితో కొండల నడుములు కొలిచాడు.

"స్కాన్ గంట చేయమన్నది నేనే కదా" అన్నాడు చివరికి.

"ఎత్తు రాసింది మేం సార్."

"అందరినీ పొద్దున రమ్మను. వైశాల్యం చూడండి. ఫోన్లు నేను చేయించనా?"

"నేనే చేస్తాను సార్."

దర్జీ రెండో రింగుకే ఎత్తాడు.

"ఏంటమ్మా, ఇంకా తగ్గిందా?"

"కాదు బాబాయ్. మా కొలతలో తప్పుంది. రేపు పొద్దున వస్తే మళ్లీ చూస్తాం."

అటునుంచి కుట్టుమిషను చప్పుడు లేదు.

"కత్తెర మా మేనల్లుడికిచ్చేశానమ్మా" అన్నాడు. "ముప్పై ఏళ్ల కత్తెర. ఇంక నాకెందుకని." వెంటనే గొంతు పెంచాడు. "మా టేపు గుడ్డది. వాడగా వాడగా సాగుతుంది. మేం నెలకోసారి ఇనపస్కేలు పక్కన పెట్టి చూసుకుంటాం. గదంత యంత్రం పెట్టుకుని మీకా మాత్రం తెలీదా?"

"చూసుకున్నాం బాబాయ్. పొద్దున చూసుకుని మధ్యాహ్నం కొలిచాం."

"బాగుంది సంబడం!" అని ఫోను పెట్టేశాడు.

కానీ మర్నాడు పొద్దున ఏడున్నరకే వచ్చి కూర్చున్నాడు. కాలరులో ఒక్క సూది లేదు. అది చూసి బొంగరానికి మనసు చివుక్కుమంది.

"పడుకో బాబాయ్."

"నేను పడుకోను. ముందు నువ్వు పడుకో."

"నేనా?"

"ఈ పొడుగు బాబు చెప్పాడులే, నీదీ తగ్గిందని. నీది సరిగ్గా వస్తే నాది కొలువు. రాకపోతే నేను ఇంటికి పోతా, నా సంగతి నాకు తెలియనక్కర్లేదు."

పొడుగాయన తల గోక్కుంటూ గోడ వైపు చూస్తున్నాడు. బొంగరం చెప్పులు విప్పింది, గాజులు తీసింది, పడుకుంది. బల్ల లోపలికి జరిగింది. మొహానికి జానెడు పైన తెల్లటి సొరంగం. పదిహేనేళ్లుగా నెలనెలా వస్తున్న చోటే. ఇన్నాళ్లూ ఇక్కడ వేళ్లతో దరువేస్తూ, బజారు జాబితా అనుకుంటూ గడిపేసేది. ఇవాళ వేళ్లు కూడా కదపలేదు. ముక్కు మీద దురద పుట్టింది, పోయింది. మళ్లీ పుట్టింది. కాలి పిక్క లాగుతోంది. నూట ఇరవై ఎనిమిది సార్లు, ఒక్కొక్కటీ విడిగా, లెక్కపెట్టింది.

మైకులో పొడుగాయన గొంతు, "కదలకక్కా, ఇంకొక్క నిమిషం" అంది. ఆ మాట అంత చిరాకు తెప్పిస్తుందని ఆవిడకి ఇంతకాలం తెలీదు!

బయటికొచ్చేసరికి తెర ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. దర్జీకి అంకె అర్థం కాదు, పొడుగాయన మొహం చూసి చదువుకుంటున్నాడు. తొమ్మిది పాయింట్ తొమ్మిది. వైశాల్యమూ పోయినేడాదిదే. బొంగరం అంకెని ఒకటికి మూడుసార్లు చదివి, గాజులు వేసుకుంది. ఒక గాజు ఎడం చేతికి వెయ్యబోయి కుడి చేతికి వేసింది. తీసి మళ్లీ వేసుకుంది. గుండె గతుక్కుమనలేదు.

"సరే, పద" అని దర్జీ తనే బల్ల ఎక్కాడు.

ఆయనది అయిపోయాక పొడుగాయన అంకె చూశాడు, అక్క వైపు చూశాడు. తొమ్మిది పాయింట్ ఐదు. ఆరు నెలల కింద తొమ్మిది పాయింట్ ఆరు. తగ్గలేదు. చొక్కా చేతులు ఎందుకు తారుమారయ్యాయో ఇంకా తేలాలి, అది వేరే సంగతి. ఇది మాత్రం తగ్గలేదు.

దర్జీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు, "ఎంతమ్మా?"

నియమం నియమమే. డాక్టరు రిపోర్టు ఇచ్చేది మూడు రోజుల తర్వాత. మూడు రోజులంటే ఎన్ని కాఫీలు, ఎన్ని మడతపెట్టిన దుప్పట్లు, ఎన్నిసార్లు కడిగిన గ్లాసులు, అవన్నీ ఆవిడకి తెలుసు.

"నువ్విక్కడే ఉండు బాబాయ్. తమ్ముడూ, ఆయన్ని వెళ్లనివ్వకు" అని మెట్ల మీదికి పరుగెత్తింది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, మూడోది. మోకాళ్లు ఏదో అంటున్నాయి, వినలేదు. డాక్టరు టీగ్లాసు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, దర్జీగారిది అయింది. మీరు కిందికి రావాలి."

"రిపోర్టు శుక్రవారం ఇద్దాంలే."

"శుక్రవారం కాదు సార్. ఇప్పుడు. నేను చెప్పకూడదు, మీరు చెప్పాలి. ఆయన గుండీలు పెట్టుకుంటున్నాడు."

డాక్టరు ఆవిడ వైపు ఒక్క క్షణం చూశాడు. టీ తాగనూ లేదు, గ్లాసు కింద పెట్టనూ లేదు, అలాగే బయల్దేరాడు. తలుపు దాటి చూసేసరికి బొంగరం అప్పటికే సగం మెట్లు దిగేసింది.

"రండి సార్, రండి, టీ వొలికితే వొలికింది!"